లేని వస్తువు పేరు పలకరాదు

ఏనుగు మీద నిషేధం వచ్చిన రోజు సువార్త టీచరు ఏనుగు పాఠమే చెబుతోంది.

మెట్టపాలెం కాలనీ ప్రాథమిక పాఠశాలకు ఒక గది, ఒక టీచరు, పద్దెనిమిది మంది పిల్లలు. ఆ పద్దెనిమిది మందీ చేతుల్ని ముక్కు ముందు తొండాల్లా ఊపుతూ "ఎలిఫెంట్, ఎలిఫెంట్" అని అరుస్తుండగా ఆమె ఫోను మోగింది. మండల విద్యాశాఖాధికారి పరాంకుశం గారు.

"అమ్మా, వెనకాల ఆ గోలేంది?"

"ఏనుగండి. ఇంగ్లీషులో."

"ఏనుగు మీ స్కూల్లో ఉందా?"

"లేదండి."

"లేని ఏనుగుని ఎందుకమ్మా పలికిస్తున్నారు? పొద్దున్నే గ్రూపులో సర్క్యులర్ పెట్టాను గదా, చూసుకోవద్దూ?"

సువార్త చూసుకుంది. పథకం పేరు 'చూసి చెప్పు, చెప్పి లెక్కపెట్టు'. రాష్ట్రస్థాయి పెద్దాయన ఒకరు ఏదో చల్లటి దేశానికి అధ్యయన యాత్ర వెళ్లారట. అక్కడి పిల్లలు కుర్చీని ముట్టుకుని 'చైర్' అనడం, బల్లను ముట్టుకుని 'టేబుల్' అనడం కళ్లారా చూశారట. తిరుగు విమానం దిగేలోపే ఆదేశాలు సిద్ధమయ్యాయి. అందులో ఇలా ఉంది: "ప్రాథమిక స్థాయి విద్యార్థులకు ఆంగ్లమును ప్రత్యక్ష వస్తువుల ద్వారా మాత్రమే బోధించవలెను. తరగతి గదిలో లేని వస్తువు పేరును పలకరాదు, పలికించరాదు. ఉన్న వస్తువును ఉన్నంత మేరకే లెక్కించవలెను. అతిక్రమించినవారిపై తగు చర్య తీసుకొనబడును."

మొదట సువార్తకు ఇందులో పెద్ద తప్పేమీ కనపడలేదు. బోర్డు మీది ఏనుగును తుడిచేసి, గది నాలుగు వైపులా ఒకసారి చూసింది. ఒక కుర్చీ, ఒక బల్ల, ఒక బోర్డు, ఒక తలుపు. ఫ్యానుకు కొక్కెం ఉంది గానీ ఫ్యాను లేదు. కిటికీలు మాత్రం రెండున్నాయి.

"వన్ చైర్" అంది.

"వన్ చైర్" అన్నారు పిల్లలు.

"వన్ టేబుల్. వన్ బోర్డ్. వన్ డోర్." తర్వాత కిటికీల వైపు తిరిగి, ఏదో పండగకు దాచుకున్న పిండివంట బయటికి తీస్తున్నట్టు, "టూ విండోస్" అంది.

ఆ 'టూ' ఎన్నో రోజులు నిలవలేదు. వారం తిరక్కముందే పరాంకుశం గారు పర్యవేక్షణకు వచ్చారు. ఆయన చెడ్డ మనిషి కాదు. రెండేళ్లలో రిటైరవబోతున్నాడు. డాక్టరు రాసిన మందును ఎలా వేసుకుంటాడో సర్క్యులర్‌ను కూడా అలాగే, రుచి చూడకుండా మింగేస్తాడు. ఆయన కిటికీల దగ్గరికి వెళ్లి ఒకదాన్ని తట్టి చూశాడు. రెండోదాన్ని తట్టబోతే చెయ్యి బయటికి పోయింది.

"దీనికి రెక్కలేవి?"

"పోయినేడు గాలివానకి పోయాయండి."

"అయితే ఇది కిటికీ కాదమ్మా. గోడలో లోపం. లోపాన్ని వస్తువుగా లెక్కించకూడదు."

దాంతో ఆ బడిలో 'టూ' అనే అంకె రద్దయింది.

సువార్త అంత తేలిగ్గా వదల్లేదు. "చాక్‌పీసులు పదున్నాయి సార్" అంది.

"చాక్‌పీసు వస్తువు కాదు, వినియోగ సామగ్రి. వాడితే అరుగుతుంది. అరిగేదాన్ని లెక్కపెడితే లెక్క నిలవదు."

"పలకలు?"

"అవి పిల్లల సొంతం. ప్రభుత్వ తరగతిలో ప్రైవేటు వస్తువులు లెక్కలోకి రావు."

"పోనీ, కంచాలు?"

"మధ్యాహ్న భోజనం వేరే విభాగం. వాళ్ల కంచాలు మనం లెక్కపెడితే వాళ్లు ఊరుకోరు."

"పోనీ పిల్లల్నే లెక్కపెట్టుకుంటాం సార్. వన్ బాయ్, టూ బాయ్స్..."

పరాంకుశం గారి మొహం చిన్నబోయింది. నిజంగానే బాధపడ్డాడు. "పిల్లలు వస్తువులా అమ్మా? మీరేనా ఈ మాట అంటున్నది? బాలల హక్కులేమైపోవాలి?"

సువార్తకు సిగ్గేసింది.

వెళ్లబోతూ ఆయన ముందు వరసలో ఉన్న చాందినిని లేపాడు. మూడో తరగతి. నోరు తెరిస్తే మూసుకోవడం ఆ పిల్లకు కొంచెం కష్టం. "ఏదీ పాపా, ఈ గదిలో కుర్చీలు లెక్కపెట్టు" అన్నాడు.

"వన్" అంది చాందిని, కుర్చీని ముట్టుకుని. అక్కడ ఆగాల్సింది. కానీ ఏడాది బట్టీ నాలుక మీదున్న ఊపు అలా ఆగుతుందా? "టూ, త్రీ, ఫోర్, ఫైవ్..." అంటూ ఊపిరి తీసుకోకుండా ఇరవై దాకా పోయింది.

పరాంకుశం గారు ఒక్కో అంకెకూ గదిలో ఒక్కో మూలకు తల తిప్పి చూస్తూ వచ్చాడు. పది దాటేసరికి ఆయనకు కంగారు పుట్టింది. "ఆగు, ఆగు. ఆ త్రీ ఏది? చూపించు."

చాందిని కాసేపు ఆలోచించి తల మీద వేలు పెట్టుకుంది. "ఇక్కడుంది సార్."

"తలకాయలో ఉన్నది తరగతి గదిలో ఉన్నట్టు కాదమ్మా" అన్నాడాయన, చాలా మెత్తగా.

మర్నాడే సువార్తకు మెమో వచ్చింది. ఆమె పాఠశాలలో 'అనధికార లెక్కింపు' జరుగుతున్నట్టు పర్యవేక్షణలో వెల్లడైనదనీ, సదరు విద్యార్థులు ఇదివరకు అక్రమముగా నేర్చుకున్న అంకెలను మరపించుటకు ప్రతి సాయంత్రం అరగంట 'విస్మరణ తరగతి' నిర్వహించవలెననీ దాని సారాంశం.

ఉద్యోగం ఉద్యోగమే కదా. సాయంత్రం ఆమె పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టుకుని, "చూడండి, టూ ఎట్టాగూ రద్దయింది. ఈ రోజు నుంచి త్రీ మర్చిపోవాలి" అంది.

"మర్చిపోయాం టీచర్" అన్నారందరూ.

"ఏది మర్చిపోయారు?"

"త్రీ, టీచర్."

"మర్చిపోతే ఎట్టా గుర్తుంది?"

పిల్లలు ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు. "ఏది మర్చిపోయామో గుర్తుండాలి గదా టీచర్" అంది చాందిని. "ఇంక ఫోర్ మర్చిపోదామా?"

వాళ్లకు ఆ ఆట నచ్చింది. ఫోర్ మర్చిపోయారు, ఫైవ్ మర్చిపోయారు. వరస తప్పకుండా, పోటీలు పడి, శనివారం సాయంత్రానికి వంద దాకా మర్చిపోయారు. అంతకుముందు సిక్స్టీ తర్వాత తడబడే ఇద్దరు పిల్లలు కూడా ఈ మరుపు దెబ్బకు తడబాటు లేకుండా మర్చిపోవడం నేర్చుకున్నారు. విస్మరణ విజయవంతమైనదని సువార్త నివేదిక పంపింది. అందులో ఒక్క అబద్ధం కూడా లేదు.

ఇదంతా నవ్వుకోవడానికి బాగానే ఉంది గానీ, ఆ సోమవారం వచ్చిన ఇంకో కాగితం చూసి ఆమెకు నవ్వు రాలేదు. జిల్లా సమీక్షా బృందం ఈ నెలలోనే ఒక గురువారం వస్తోంది. పిల్లలు వస్తువుల్ని ఆంగ్లంలో ఇరవై వరకు లెక్కించి చూపాలి. చూపలేని చిన్న బడులను సమీపంలోని పెద్ద పాఠశాలలో 'అనుసంధానం' చేస్తారు.

సమీపంలోని పెద్ద పాఠశాల హైవేకు అవతల ఉంది. నాలుగు వరసల రోడ్డు. కుక్కలు కూడా ఆగి ఆలోచించుకుని దాటుతాయి. రోడ్డు కింద నుంచి దారి కావాలంటే రెండు కిలోమీటర్లు నడవాలి. ఆ రోజు సాయంత్రమే చాందిని తల్లి బడి గుమ్మం దగ్గరికి వచ్చి, "ఆ రోడ్డు దాటి మాత్రం పంపనమ్మా. మేకల ఎనకాల పంపుకుంటా" అని చెప్పి పోయింది. ఆమె తర్వాత ఇంకో ముగ్గురు తల్లులు వచ్చి అదే మాట చెప్పారు. సువార్త తలుపు వేసుకుని, ఉన్న ఆ ఒక్క కుర్చీలో కూర్చుని చాలాసేపు లేవలేదు. ఈ పద్దెనిమిది మందిని ఇళ్లలోంచి ఒక్కొక్కర్నే పట్టుకొచ్చి కూర్చోబెట్టడానికి ఆమెకు ఆరేళ్లు పట్టింది.

మర్నాడు మండలాఫీసుకు వెళ్లింది.

"సార్, ఒకటికి మించి చెప్పకూడదని మీరే అన్నారు. పరీక్షలో ఇరవై దాకా అడుగుతారంట."

"సర్క్యులర్ బోధన విభాగానిది. పరీక్ష మూల్యాంకన విభాగానిది" అన్నాడు పరాంకుశం గారు. "వాళ్లకీ వీళ్లకీ మాటల్లేవమ్మా. ఒక ఏసీ దగ్గర వచ్చింది తగాదా."

"అయితే మాకు ఇరవై కుర్చీలు ఇప్పించండి."

"ఇస్తారు. తప్పకుండా ఇస్తారు. కుర్చీల మంజూరుకు నిబంధన ఒకటుంది. అడిగిన సంఖ్యను విద్యార్థులు ఆంగ్లంలో లెక్కించగలగాలి."

"కుర్చీలు లేకుండా లెక్కపెట్టకూడదు గదండీ."

"లెక్కపెట్టలేకపోతే కుర్చీలు రావు" అన్నాడాయన, ఎంతో అనునయంగా. సువార్త కళ్లలో నీళ్లు తిరగడం చూసి ఆయన కుర్చీలో ఇబ్బందిగా కదిలాడు. చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "మా బావమరిదికి టెంట్ హౌసుంది. ఎవరితో అనమాకండి."

బుధవారం పొద్దున్నే ట్రాక్టరు మీద పందొమ్మిది ఎర్ర ప్లాస్టిక్ కుర్చీలు దిగాయి. గదిలో ఉన్నదానితో కలిపి ఇరవై. చిక్కేమిటంటే, పిల్లలు నేల మీద కూర్చుంటారని కట్టిన గది అది. ఇరవై కుర్చీలు సర్దేసరికి పిల్లలు పట్టలేదు. బయట నిలబడి, గోడలో లోపంలోంచి తలలు పెట్టి "వన్ చైర్, టూ చైర్స్" అని మొదలుపెట్టారు. కుర్చీల వెనకాలే వచ్చిన పరాంకుశం గారికి ఇందులో కూడా అనుమానం వచ్చింది. వస్తువులు గదిలో ఉన్నాయి సరే, పిల్లలు గదిలో లేరు. అప్పుడు ఇది తరగతి అవుతుందా? ఆయన జిల్లా కేంద్రానికి ఫోను చేశాడు. ఫోను ఒక బల్ల మీంచి ఇంకో బల్ల మీదికి, అక్కడి నుంచి ఇంకెక్కడికో తిరిగి, మధ్యాహ్నానికి గ్రూపులో వివరణ వచ్చింది: "తరగతి గది అనగా నాలుగు గోడల నిర్మాణము కాదు. అభ్యాసకులు, ఉపాధ్యాయులు అభ్యసన నిమిత్తము ఎచ్చట సమావేశమైనారో అచ్చటనే తరగతి గది ఏర్పడినట్లు భావించవలెను."

"అయితే కుర్చీలు బయట వేయండి" అన్నాడు పరాంకుశం గారు, చెమట తుడుచుకుంటూ.

కుర్చీలన్నీ బయటికి మోసుకొచ్చి వరసగా వేసేలోపు ట్రాక్టరు మళ్లీ వచ్చింది. పక్క ఊళ్లో పెళ్లంట, ముహూర్తం ముందుకు జరిగిందంట. కుర్చీలు దిగినంత వేగంగా ఎక్కి వెళ్లిపోయాయి. పరాంకుశం గారు తన బావమరిది మీద కోపంతో స్కూటరు ఎక్కి ఆ ట్రాక్టరు వెనకాలే పోయాడు.

కుర్చీలు పోయాయి గానీ వివరణ పోలేదు. అది సువార్త ఫోనులోనే ఉంది. ఆమె దాన్ని రెండుసార్లు చదువుకుంది. మూడోసారి చదువుతుండగా ఆమెకు కడుపులోంచి నవ్వు తన్నుకొచ్చింది. పిల్లలు భయపడి మంచినీళ్లు తెచ్చారు.

మర్నాడు గురువారం. మెట్టపాలెంలో గురువారమంటే సంత. హైవేకు ఇవతల, బడికి కూతవేటు దూరంలో, పెద్ద మైదానం నిండా జరుగుతుంది. తొమ్మిదింటికి పద్దెనిమిది మందీ జతలు జతలుగా చేతులు పట్టుకుని వెళ్లి వంకాయల పిచ్చమ్మ గంపల ముందు బాసింపట్లు వేసుకుని కూర్చున్నారు. సువార్త ఒక వంకాయ ఎత్తి చూపింది.

"వన్ బ్రింజాల్."

"వన్ బ్రింజాల్."

"ఏందమ్మా టీచరమ్మా," అంది పిచ్చమ్మ, అరవై దాటిన మనిషి, "పిల్లల్ని నా గంపల మీదికి తోలుకొచ్చావు? బేరం చేసుకోవద్దా నేను?"

"ఇది తరగతి గది పిచ్చమ్మా. ప్రభుత్వమే చెప్పింది."

పిచ్చమ్మ తన చుట్టూ చూసుకుంది. "మరి నేనో?"

"నువ్వు తరగతి గదిలో కూర్చున్నావు."

పిచ్చమ్మ తక్కెడ పక్కన పెట్టి, కొంగు సర్దుకుని, కాళ్లు ముడుచుకుని నిటారుగా కూర్చుంది. కాసేపయ్యాక పిల్లలతోపాటు ఆమె గొంతు కూడా వినపడింది. "ఎలెవన్ బింజాలు."

ఆ తర్వాత వాళ్లను పట్టుకునేవాళ్లు లేకపోయారు. మిగతా రోజుల్లో తరగతి గది పంక్చరు షాపులో ఏర్పడింది, బస్టాండులో ఏర్పడింది, ఇటుకల బట్టీ దగ్గర ఏర్పడింది. అక్కడ వెయ్యి దాకా వెళ్లి, ఆకలేసి ఆగారు. గురువారాలు మాత్రం సంతే. టమాటాలు, తట్టలు, తాళ్లు, గాజులు, గొడుగులు అన్నీ చట్టబద్ధమైపోయాయి. రెండో గురువారానికి మేకల మస్తాన్ తన మేకల్ని ఇంగ్లీషులో లెక్క చూసుకుంటున్నాడు. తెలుగులో ఎప్పుడూ ఒకటి తగ్గేదని, ఇంగ్లీషులో సరిపోతోందని ఆయన అభిప్రాయం.

సమీక్షా బృందం మూడో గురువారం వచ్చింది. బృందానికి నాయకుడు డాక్టర్ విరూపాక్షయ్య. ఆయన వెనక ట్యాబు పట్టుకున్న ఒక ఉద్యోగి, అందరికంటే వెనక పరాంకుశం గారు. బడికి తాళం వేసి ఉంది. తలుపు మీద చాక్‌పీసుతో 'తరగతి గది సంతలో ఉంది' అని రాసి ఉంది.

విరూపాక్షయ్య గారు సంతలోకి నడిచి వచ్చి, పిల్లల మధ్య నిలబడి, సువార్తను పైనుంచి కిందికి చూశారు. "ఈ తరగతి గది యొక్క హద్దులేమిటి?" అని అడిగారు.

"తూర్పున మేకలు, పడమర ఎండుచేపలు, ఉత్తరాన గాజుల కొట్లు, దక్షిణాన హైవే సార్" అంది సువార్త. చేతిలోని వంకాయను ఆమె గట్టిగా పట్టుకుంది.

పరాంకుశం గారు కళ్లు మూసుకున్నాడు. విరూపాక్షయ్య గారు వివరణ తెప్పించుకుని చదివారు. తానే సంతకం పెట్టిన కాగితం. "ఊఁ" అన్నారు. "నిబంధనలకు లోబడే ఉన్నది. పరీక్ష ప్రారంభించవచ్చును."

చాందిని లేచింది. "వన్ గోట్, టూ గోట్స్" అంటూ మేకల మధ్యకు నడిచింది. ఆమె పదిహేడు దగ్గర ఉండగా మస్తాన్ ఒక మేకను అమ్మేశాడు. చాందిని ఆగింది. వెళ్లిపోతున్న మేకను చూసి, "సిక్స్టీన్" అని సరిచేసుకుని, మళ్లీ ముందుకు సాగి ఇరవైతో ముగించింది.

"వ్యవకలనము కూడా సాధించబడినది" అన్నారు విరూపాక్షయ్య గారు. ట్యాబు ఉద్యోగి ఎక్కించుకున్నాడు.

ఆయనకు ఉత్సాహం వచ్చింది. పక్క గంపలోంచి ఒక కాకరకాయ ఎత్తి, గాల్లో ఆడించి, "వాట్ ఈజ్ దిస్?" అన్నారు.

"బిట్టర్ గార్డ్ సార్" అంది పిచ్చమ్మ, పిల్లలకంటే ముందు.

ట్యాబు టింగుమంది. అది కొత్త యంత్రాంగం. తరగతిలో జవాబు చెప్పిన ప్రతి ముఖాన్నీ ఫొటో తీసుకుని విద్యార్థిగా నమోదు చేస్తుంది. విరూపాక్షయ్య గారు అటు చూసుకోలేదు. ఆయన ఎత్తిన ప్రతి వస్తువుకూ సంత మొత్తం జవాబు చెప్పింది. ఎండుచేపలవాళ్లు 'ఫిష్' అన్నారు, గాజులవాళ్లు 'బ్యాంగిల్స్' అన్నారు, గొడుగులు బాగుచేసే తాత ఎవరూ అడక్కపోయినా 'అంబ్రెల్లా' అన్నాడు. ప్రతిదానికీ టింగు, టింగు, టింగు. మధ్యాహ్నానికి ట్యాబు ఉద్యోగి పాలిపోయిన మొహంతో వచ్చి తెర చూపించాడు. మెట్టపాలెం కాలనీ ప్రాథమిక పాఠశాల, విద్యార్థుల సంఖ్య నాలుగు వందల పదమూడు.

"దించండి" అన్నారు విరూపాక్షయ్య గారు.

"ఎక్కించే మీటే ఉంది సార్. దించే మీట పెట్టలేదు. రాష్ట్ర కార్యాలయంలో కూడా కనపడుతోంది. వాళ్లు అభినందనలు పంపించారు."

విరూపాక్షయ్య గారు ఆ అభినందనలు చదివారు. తర్వాత సంతను ఇంకోసారి చూశారు. ఈసారి ఆ చూపు వేరుగా ఉంది. "అతి స్వల్పకాలంలో ఇంతటి విద్యార్థుల చేరిక," అన్నారు మెల్లగా, "జిల్లా యొక్క ఘనత. ఇట్టి పాఠశాలను అనుసంధానము చేయు ప్రసక్తి ఉత్పన్నము కాదు."

సువార్త వంకాయను గంపలో పెట్టేసింది. అది నలిగి మెత్తబడి ఉంది. దక్షిణపు హద్దులో లారీలు ఒకదాని వెనక ఒకటి దూసుకుపోతున్నాయి. ఆమె వాటికేసి చూసి, పరాంకుశం గారి చెయ్యి పట్టుకుని ఊపేసింది. ఆయనకు ఏం జరిగిందో సరిగ్గా అర్థం కాలేదు గానీ, ఆయన కూడా ఊపాడు.

నెల తిరిగేసరికి లారీ నిండా యూనిఫాం గుడ్డలు, టైలు, బూట్లు, సంచులు, గుడ్లు దిగాయి. సువార్త నిజం చెబుతూ పైకి మూడు ఉత్తరాలు రాసింది. మూడింటికీ ఒకటే జవాబు: ఒకసారి చేరిన విద్యార్థిని ఐదో తరగతి పూర్తయి, బదిలీ పత్రము ఇచ్చువరకు తొలగించుట వీలుపడదు. గైర్హాజరు అధికమైనచో ఉపాధ్యాయులే బాధ్యులు. అందుకని ఆమె చేసేదేమీ లేక గురువారం గురువారం నాలుగు వందల పదమూడు మందికి హాజరు వేసి, పాఠం చెప్పసాగింది.

అలా ఒక గురువారం, హాజరు అయిపోయాక, పిచ్చమ్మ ఆమె దగ్గరికి వచ్చింది. నీలం గుడ్డతో రవికె కుట్టించుకుంది. కాళ్లకు నల్ల బూట్లున్నాయి. చేతులు కట్టుకుని నిలబడింది.

"టీచర్, నెక్స్ట్ థర్స్‌డే సెలవు కావాలి. మా మనవరాలికి ఓణీలిస్తున్నాం."

"ఇంగ్లీషులో అడగాలి గదా పిచ్చమ్మా."

పిచ్చమ్మ ఆకాశంలోకి చూసి మాటలు కూడగట్టుకుంది. "వన్ గ్రాండ్‌డాటర్. వన్ ఫంక్షన్. హండ్రెడ్ చుట్టాల్స్. ఐ నో కమ్."

"సరే, వెళ్లిరా. పాఠం మాత్రం ఎవరి దగ్గరైనా అడిగి రాసుకో."

పిచ్చమ్మ సంతోషంగా వెనక్కి తిరిగింది. అప్పుడే మేకల మధ్యలోంచి ఒక చెయ్యి పైకి లేచింది. యాభై ఏళ్ల మస్తాన్, మెడలో టై కట్టుకుని ఉన్నాడు.

"ఏంటి మస్తాన్?"

"టీచర్, పిచ్చమ్మ హోంవర్కు చెయ్యలేదు. నా దాంట్లో చూసి రాసింది."

"నీదాంట్లో ఉంటేగా రాయడానికి" అంది పిచ్చమ్మ.

"ఇద్దరూ వచ్చి ముందు కూర్చోండి" అంది సువార్త, నవ్వు కనపడకుండా, సంతకు మోయించుకొచ్చిన బోర్డు వైపు తిరిగి.